రెండో కడుగు

7,896వ రోజు

మేనేజరు రత్నప్రభ గారి ఉత్తర్వు ప్రకారం ఈ రోజు నుంచి ప్రయోగశాల దినచర్య రాయాలి, ఊరు పుట్టిననాటి నుంచి రోజులు లెక్కేసి. రాసేది నేను, తాయారుని. లావాపేటలో నమూనాలు శుభ్రం చేసే మనిషిని. చంద్రుడి పొట్టలో ఈ గది తొలిచినప్పటి నుంచీ ఇందులోనే ఉన్నాను. ఇప్పుడు నా పని నేనే రాసి చూపించాలంటే నవ్వొచ్చింది. ఆవిడతో వాదించే ఓపిక లేదు కాబట్టి రాస్తాను.

వచ్చినవి: మూత్రం సీసాలు ఆరు, తాగునీటి సీసాలు రెండు.

పని విధానం కూడా ఒకసారి రాసిపెట్టమన్నారు. మూత్రంలో ఉప్పు, యూరియా, రంగు, జిడ్డు అన్నీ ఉంటాయి. అలాగే తీసుకెళ్ళి త్రాసులో పోస్తే దానికి ఏమీ కనబడదు. త్రాసంటే అణువుల బరువు తూచే యంత్రం. ఊరికంతటికీ ఒక్కటే ఉంది. అందుకని ముందు నమూనాని కార్ట్రిడ్జిలోంచి దించుతాను. చిటికెన వేలంత గొట్టం, అందులో తెల్లటి పొడి. ఆ పొడికి రెండు పట్లున్నాయి. ఒకటి జిడ్డు పట్టు, నీళ్ళలో ఇమడని వాటిని అంటించుకుంటుంది. రెండోది ఛార్జి పట్టు, తన ఛార్జికి ఎదురు ఛార్జి ఉన్నవాటిని లాగి కూర్చోబెడుతుంది.

నమూనాలో కాస్త ఆమ్లం కలిపి పోస్తే, అందులోని క్షారాలన్నీ ఛార్జి తెచ్చుకుని పొడిని గట్టిగా పట్టుకుంటాయి. మొదటి కడుగు ఆమ్లం కలిపిన నీళ్ళతో. దాంతో ఉప్పూ యూరియా పోతాయి. రెండో కడుగు మిథనాల్‌తో. జిడ్డు పట్టు మీద వేలాడేవన్నీ ఊడి కిందికి పోతాయి. ఆఖర్న అమోనియా కలిపిన మిథనాల్ పోస్తే క్షారాలు ఛార్జి వదిలేసి శుభ్రంగా దిగుతాయి. వాటినే త్రాసుకిస్తాను. మా అమ్మ బియ్యం కడిగినంత నిదానంగా చేస్తాను ఇదంతా.

మాకు కావలసింది క్షారాలే. పదకొండేళ్ళ కిందట గాలి శుభ్రం చేసే యంత్రంలోంచి అమీన్ అనే క్షారం తాగునీటిలోకి కారి ఇరవై ముగ్గురు పోయారు. వాళ్ళలో మా ఆయన పేర్రాజు గారు ఒకరు. మళ్ళీ అమీన్ కారితే మొదటి చుక్కలోనే పట్టాలని ఈ పద్ధతి పెట్టారు. అప్పటి నుంచి ఊరందరి మూత్రం నెలకోసారి, నీళ్ళు రెండు రోజులకోసారి నా చేతిలోంచి వెళ్తాయి.

మిథనాల్ చుక్క కూడా పారబోయం. రెండో కడుగు మొత్తం ఒక డబ్బాలో పోగేసి, పన్నెండు రోజులకోసారి బట్టీ పెట్టి, ఆవిరి పట్టి మళ్ళీ వాడతాం. అడుగున మిగిలిన మడ్డిని పొట్లం కట్టి, తేదీ వేసి, కొలిమిలో వంతు వచ్చేదాకా అరలో పెడతాం. ఈ ఊళ్ళో చెత్త అనే మాట లేదు.

ఫలితం: ఎనిమిదింటిలోనూ అమీన్ లేదు. ఆరు మూత్రం సీసాలూ కాళ్ళు వాచినవాళ్ళవి. డాక్టర్ ఎలీషా గారు ఫలితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూత్రంలో నురగ, మొహంలో ఉబ్బు, కిడ్నీలు దెబ్బతింటున్నాయి, కారణం తెలియడం లేదు అన్నారు. ఇప్పటికి తొమ్మిది మంది.

7,898వ రోజు

నీటి తొట్ల కాపరి బాలనర్సు వచ్చాడు. ఊళ్ళో మూడు వందల పన్నెండు మంది తాగే నీళ్ళు అతని చేతి మీదుగానే వెళ్తాయి. పంతొమ్మిదేళ్ళ కిందట ఇద్దరం ఒకే ఓడలో వచ్చాం. దారి పొడుగునా వాంతులు. ఒకరి సంచీ ఒకరం పట్టుకున్నాం. అంతకంటే దగ్గర చుట్టరికం నాకిక్కడ ఇంకొకటి లేదు.

“అక్కా, నీళ్లల్ల ఏమన్న దొరికిందా?” అన్నాడు గుమ్మంలోంచే.

“ఏమీ లేదయ్యా. నీ నీళ్ళు నీ మొహంకంటే శుభ్రంగా ఉన్నాయి.”

“గట్లనే రాసియ్యి మరి. కొత్త రెజిన్ పోసిన కాడికెల్లి అందరు నన్నే చూస్తున్నరు.”

రెజిన్ అంటే నీళ్ళలోని లవణాల్ని పీల్చే సన్నటి పూసలు. రెండు నెలల కిందట పాతవి తీసేసి కొత్తవి పోశాడు. సరిగ్గా ఆ వారమే దీపాలసాల వాళ్ళు వేరుశెనగ మళ్ళు పెంచుతామని నా ఊరమిరపకాయల ట్రేలను బయటికి నెట్టారు. ఇక్కడ ఎండ లేదు. మొక్కల దీపాల కింద ఎండబెట్టుకోవాల్సిందే. ఎక్కడ పెట్టను దేవుడా అని తిరుగుతుంటే తన తొట్ల గదిలో, వేడినీళ్ళ గొట్టం మీద చోటిచ్చింది బాలనర్సే.

“పై ట్రే తిప్పిన. మంచిగనే ఉన్నయ్. కాకపోతె జర మెత్తగున్నయ్.”

“మెత్తగా ఉన్నాయంటే మజ్జిగ లోపలిదాకా పట్టిందన్నమాట. నీకేం తెలుసు, తినడం తప్ప.”

వేరుశెనగ పాల మజ్జిగలో నానేసిన మిరపకాయలు గలగలమని ఎండడానికి టైము పడుతుంది. నేను మాత్రం ఒక్కటి తినను. రక్తపోటని డాక్టరు గారు ఉప్పు మాన్పించి ఏడేళ్ళయింది. చేతులు ఊరుకోక చేసి, అయిన ట్రే అయినట్టే విడతలుగా పంచుతుంటాను.

వెళ్తుంటే చూశాను, బూట్ల లేసులు విప్పుకుని ఉన్నాయి. “కట్టుకోవేం, పడతావు” అన్నాను.

“ఈడ పడితె దెబ్బ తాకుతదా అక్కా” అని నవ్వుకుంటూ పోయాడు. నిజమే, ఇక్కడ పడడమంటే మెల్లగా దిగడమే.

7,901వ రోజు

కాళ్ళ వాపులు పన్నెండుకి చేరాయి. రత్నప్రభ గారు ఆఫీసుకి పిలిపించారు. ఆవిడ బల్ల మీద కాగితాలు కూడా వరసలో నిలబడతాయి. భూమి నుంచి వచ్చి ఆరేళ్ళయింది. నవ్వగా నేను చూడలేదు.

“గాలి పరీక్షలో తప్పు లేదు. భోజనశాల తిండిలో తప్పు లేదు. రెండు నెలల్లో ఊళ్ళో మారింది రెజిన్ ఒక్కటే” అన్నారు. “7,920న ఓడ వెళ్తుంది. ఆలోపు వేరే కారణం దొరక్కపోతే పాత రెజిన్ మళ్ళీ పోయిస్తాను, బాలనర్సు గారి పనిచీటీ రద్దు చేస్తాను.”

పనిచీటీ లేని మనిషికి లావాపేటలో గాలి వాటా లేదు. వచ్చిన ఓడ ఎక్కాల్సిందే. ఈ రూలు నాకు తెలిసి ఇద్దరి మీదే వాడారు.

“మేడమ్, పంతొమ్మిదేళ్ళు ఇక్కడ తేలిగ్గా తిరిగిన గుండె అది. భూమి బరువుని తట్టుకుంటుందని నేను రాసివ్వలేను” అన్నారు ఎలీషా గారు.

“తట్టుకోదని రాసివ్వగలరా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళలో ఏమీ లేదని ముప్పైసార్లు రాసిచ్చాను కదా, నా కాగితాలకి విలువ లేదా అన్నాను. “మీరు వెతికింది లేదని రాశారు తాయారు గారూ. ఏమీ లేదని కాదు” అన్నారావిడ.

బయటికొచ్చాక కూడా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆవిడ అన్నదని కోపం, నిజమేమోనని అంతకంటే కోపం.

7,904వ రోజు

పన్నెండు మంది మూత్రం మళ్ళీ తీసుకుని మళ్ళీ మొదటి నుంచీ చేశాను. కొత్త కార్ట్రిడ్జిలు వాడాను. రెండో కడుగు ఒకసారి బదులు రెండుసార్లు కడిగాను, అమీన్ అడుగున నక్కి ఉంటే బయటపడాలని. ఇంతకంటే శుభ్రంగా ఈ లోకంలోనూ ఆ లోకంలోనూ ఎవరూ కడగలేరు.

ఏమీ లేదు. త్రాసు గీత చదునుగా ఉంది. పేర్రాజు గారి నమూనాలో గీత ఎలా లేచిందో నాకింకా గుర్తు. అప్పుడు చూసిన మొదటి దాన్ని నేనే.

7,907వ రోజు

బట్టీ పెట్టే రోజు. మిథనాల్ దిగిపోయాక అడుగున గోధుమరంగు మడ్డి మిగిలింది, గరిటెతో గోకి తీశాను. గాజు పాత్రకి పగుళ్ళున్నాయేమో చూడ్డానికి ఊదారంగు దీపం వేయడం నా అలవాటు. వేస్తే పగుళ్ళు కనబడలేదు. మడ్డి వెలిగింది. లేత ఆకుపచ్చగా, స్పష్టంగా.

మూత్రపు మడ్డి కొద్దిగా మెరవడం మామూలే. ఇది మామూలు మెరుపు కాదు. అరలోంచి పాత పొట్లాలు దించి వరసగా విప్పాను. 7,823 నాటిది దాదాపు నల్లగా ఉంది. 7,835 నల్లగానే ఉంది. 7,847 నాటిది లేతగా వెలిగింది. ఆ తర్వాత ప్రతి పొట్లమూ ముందుదానికంటే ఎక్కువ.

కుర్చీ లాక్కుని మొదటి నుంచీ ఆలోచించాను. ఆమ్లజాతి పదార్థం ఏదైనా ఉంటే, నేను ఆమ్లం కలిపినప్పుడు దానికి ఛార్జి ఉండదు. పొడికి జిడ్డు పట్టుతో మాత్రమే వేలాడుతుంది. మిథనాల్ పోయగానే ఊడిపోతుంది. త్రాసు దాకా ఎప్పటికీ రాదు. రెండు నెలలుగా నా చేత్తోనే దాన్ని డబ్బాలోకి కడిగి పంపాను. మొన్న అనుమానం వచ్చి రెండుసార్లు కడిగాను కూడాను.

ఇంకో సంగతి ఉంది. మెరుపు మొదలైంది రెజిన్ మార్చిన వారంలోనే. అందుకే ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు.

7,909వ రోజు

ఆమ్లాన్ని పట్టాలంటే ఎదురు ఛార్జి ఉన్న పొడి కావాలి. మా అరల్లో లేదు. భూమి నుంచి తెప్పించాలంటే రెండు ఓడల కాలం పడుతుంది. ఆలోచించి ఆలోచించి బాలనర్సు దగ్గరికే వెళ్ళాను.

“నీ రెజిన్ ఒక గుప్పెడు కావాలి. ఆమ్లాల్ని పట్టే పూసలు.”

“మల్ల నా మెడకే చుట్టెటట్టున్నవు” అన్నాడు. అయినా సంచీ విప్పాడు. “గీ పసుపు రంగువి. ఎంత కావాల్నో తీస్కో.”

“ఇందులో నీకు చెడే జరగొచ్చు తమ్ముడూ. ఆలోచించుకో.”

“నీళ్లల్ల ఏదన్న ఉంటె ముందుగాల నాకు తెల్వాలె గద అక్కా. నేనే గద అందరికి తాపిచ్చేది.”

పూసల్ని నూరి, కడిగి, ఖాళీ గొట్టాల్లో దూది అడుగున పెట్టి కూరాను. వీటికీ రెండు పట్లున్నాయి, పూస ఒంట్లో జిడ్డు పట్టు, పైన ఛార్జి పట్టు. పని మాత్రం తలకిందులు. నమూనాలో ఆమ్లం బదులు అమోనియా కలిపాను. మిథనాల్‌తో కడిగితే ఈసారి క్షారాలు పోతాయి, ఆమ్లాలు నిలుస్తాయి. చివరికి ఆమ్లం కలిపిన మిథనాల్‌తో దించాను. ఇరవై ఏళ్ళు కుడిచేత్తో తిన్న మనిషి ఎడమచేత్తో తిన్నట్టుంది.

7,910వ రోజు

త్రాసు గీత నిట్టనిలువుగా లేచింది. వాపులొచ్చిన వాళ్ళు ఇప్పటికి పద్నాలుగు మంది, పద్నాలుగింటిలోనూ ఒకటే బరువు. ఆరోగ్యంగా ఉన్న అయిదుగురిలో లేదు. నీళ్ళలో, తొట్టికి ముందూ తర్వాతా, లేనే లేదు.

ఎలీషా గారు ఆ బరువుని పుస్తకాల్లో వెతికి పట్టుకున్నారు. “బూజు విషమండీ ఇది. తడి ఆరని తిండి మీద పెరిగే బూజు చేస్తుంది. నేరుగా కిడ్నీల మీదికే పోతుంది. వేయించినా ఉడికించినా చావదు.”

పరుగున వెళ్ళి రత్నప్రభ గారికి చూపించాం. ఆవిడ రెండుసార్లు చదివారు. “నీళ్ళలో లేదని తేల్చింది ఏ పొడితో?”

“రెజిన్‌తోనండి.”

“అనుమానం ఉన్న రెజిన్‌తోనే. ఓడ మీద వచ్చే తనిఖీ సంఘం దీన్ని ఒప్పుకోదు. విషం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించండి. అప్పుడు నేను సంతకం పెడతాను.”

మాటలో తప్పు పట్టడానికి లేదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

7,911వ రోజు

ఎలీషా గారు పద్నాలుగు మంది తిండి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పరిచారు. వారం రోజులు తిన్నదంతా వాళ్ళే రాసినవి. అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. మిగతా మూడు వందల మంది తిన్నదే.

“వీళ్ళందరికీ కలిసేదేమీ లేదండీ. ఒక వీధి వాళ్ళు కాదు, ఒక పని వాళ్ళు కాదు, వయసులు కూడా కలవవు. మీరొకసారి పేర్లు చదవండి, నా కళ్ళు పనిచేయడం లేదు” అన్నారు.

చదివాను. ఆదెమ్మ. వచ్చిన కొత్తలో నేను చలికి వణుకుతుంటే తన దుప్పటి ఇచ్చిన మనిషి. యోహాను. పేర్రాజు గారి పక్కన ఆఖరిదాకా కూర్చున్నవాడు. జుబేదా. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకునేది ఊళ్ళో ఆవిడొక్కతే. నాలుగో పేరు చదవకుండానే కాగితం బల్ల మీద పెట్టేశాను.

“ఏమైందండీ?”

“ఏమీ లేదు. మంచినీళ్ళు తాగొస్తాను.”

నా గదికి వెళ్ళి అల్మారా తలుపు తీశాను. లోపలివైపు పెన్సిల్‌తో ఒక జాబితా ఉంటుంది. ఊరమిరపకాయల పొట్లాలు ఎవరెవరికి ఇవ్వాలో, మరిచిపోకుండా. నాకు ఎవరి మీద ప్రేమ ఎక్కువో వాళ్ళ పేరు పైన ఉంటుంది, వాళ్ళ పొట్లం పెద్దదిగా ఉంటుంది. ఆదెమ్మకి వాపు అందరికంటే ఎక్కువ.

తిండి కాగితాల్లో ఎవరూ మిరపకాయ రాయలేదు. ఎందుకు రాస్తారు? పెరుగన్నంలో నంజుకునేదాన్ని మన జనం ఎప్పుడు తిండి కింద లెక్కేశారు? డాక్టరు గారు అడిగి ఉంటే నేనూ రాసేదాన్ని కాదు.

తడి ఆరని మిరపకాయలు. వేడినీళ్ళ గొట్టం మీద, తొట్టి ఆవిరిలో. మెత్తగున్నయ్ అని అతను చెబితే ఎకసెక్కెం ఆడాను.

జాబితాలో ఉన్నవి పద్నాలుగు కాదు, పదిహేను పేర్లు. అందరికంటే పైన, రెండు పొట్లాలు అని రాసి ఉన్న పేరు, బాలనర్సు.

7,912వ రోజు

ఈ రోజు పని చేయలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పాను. అబద్ధం. ఎవరికైనా చెప్పకముందు ఇది ఇంకేదో అయితే బాగుండునని రోజంతా ఎదురుచూశాను. విషం పంచింది నేనని తెలిస్తే పనిచీటీ పోయేది నాది. ఈ వయసులో ఓడలో కుదేసి భూమికి పంపేది నన్నే. భయపడ్డాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం గుమ్మం ముందు నుంచి బాలనర్సు వెళ్ళాడు, చేతిలో ఖాళీ సంచీ ఉంది. సామాను సర్దుకోవడానికి అరువు తెచ్చుకున్నాడట.

7,913వ రోజు

పొద్దున్నే పై ట్రేలోంచి పది మిరపకాయలు తీసి, నూరి, పసుపు పూసల గొట్టంలోంచి దించాను. గీత కాగితం అంచు దాటిపోయింది.

నేరుగా తొట్ల గదికి వెళ్ళాను. “బూట్లు విప్పు” అన్నాను.

“ఎందుకక్కా?”

“విప్పమన్నానా లేదా?”

విప్పాడు. పాదాలు పొంగిన రొట్టెల్లా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“నీళ్ల కాపరికే జబ్బొస్తె ఇగ నీళ్లదే తప్పంటరని చెప్పలే” అన్నాడు తల దించుకుని.

అంతా చెప్పాను. ట్రేలు, ఆవిరి, బూజు, రెండో కడుగు, అల్మారా తలుపు మీది పేర్లు. నిన్న నోరు మూసుకుని కూర్చున్నది కూడా దాచలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పక్క ట్రేలోంచి ఒక మిరపకాయ తీసి వేలితో నొక్కి చూశాడు.

“అంటె నా నీళ్లు మంచియే గద అక్కా?”

“మంచివే నాన్నా. మొదటి నుంచీ మంచివే.”

“గంతే చాలు” అని గోడకి జారబడి కళ్ళు మూసుకున్నాడు. రెండు నెలల నుంచి సరిగ్గా ఊపిరి పీల్చని మనిషి అప్పుడు పీల్చాడు.

అక్కడి నుంచి ఆఫీసుకి. మిరపకాయల ట్రే, త్రాసు కాగితం, అల్మారా తలుపు ఊడదీసి మరీ రత్నప్రభ గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ కాగితాల వరస చెదిరింది. తలుపు మీది పేర్లన్నీ వేలితో ఒక్కొక్కటే చదివారు.

“నా పేరు లేదు” అన్నారు.

“మీకు జబ్బు లేదు కదండీ.”

“పొట్లం రాలేదు కాబట్టి జబ్బు లేదు.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “ఆరేళ్ళయింది తాయారు గారూ నేనొచ్చి. గురువారం పెరుగన్నం రోజు పక్క బల్ల మీంచి వేపుడు వాసన వస్తుంది. ఎవరైనా ఒకటి పెడతారేమోనని చూసేదాన్ని.”

ఆవిడ త్రాసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బాలనర్సు మీది ఉత్తర్వు చించేశారు. నా మాట ఏమిటని అడిగాను.

“తెలియక చేశారు, తెలిశాక మీ చేత్తోనే రాశారు, మధ్యలో ఒక రోజు పోయింది. ఆ రోజు కూడా దినచర్యలో ఉందా?”

“ఉందండి.”

“అయితే పని చేసుకోండి. తిండి వస్తువు ఏది చేసినా ముందు పరీక్ష. రెండు పొడులతోనూ.”

7,914వ రోజు

పదిహేను గడపలూ తిరిగి మిగిలిన పొట్లాలు వెనక్కి తీసుకున్నాను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఎందుకో చెప్పాను. యోహాను తలుపు వేసుకున్నాడు, తప్పు లేదు. జుబేదా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆదెమ్మ ఆఖరి విడత పొట్లం ఇంకా విప్పనే లేదు, తర్వాతకని దాచుకుంది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను.

7,920వ రోజు

ఓడ వెళ్ళింది. బాలనర్సు ఎక్కలేదు. అరువు సంచీ తిరిగిచ్చేశాడు.

పదమూడు మందికి వాపులు దిగుతున్నాయి. ఆదెమ్మకి కొంత టైము పడుతుందట. బాలనర్సు కిడ్నీల పని చాలావరకు తిరిగి రాదని ఎలీషా గారు చెప్పారు. ప్రతి బుధవారం నాలుగు గంటలు రక్తం కడిగే యంత్రం పక్కన పడుకోవాలి. రెండు పొట్లాల మనిషి కదా. నేనే అలా రాశాను, రెండు అని.

ఈ బుధవారం నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను, ఇక ప్రతి బుధవారం వెళ్తాను. అతనికిప్పుడు ఉప్పు నిషేధం.

“నువ్వు తినవు, నేను తినొద్దు. ఇగ ఇద్దరం వాసన చూసుడే” అన్నాడు. నేను యంత్రం గొట్టాలు సర్దాను.

7,998వ రోజు, గురువారం

దీపాలసాలలో రెండు వేరుశెనగ మళ్ళు ఖాళీ చేయించి నా ట్రేలకి చోటిచ్చారు. సంతకం రత్నప్రభ గారిది. ఈసారి మిరపకాయలు చేత్తో కదిపితే గలగలలాడేదాకా ఎండబెట్టాను.

పరీక్ష: తెల్ల పొడితో ఒకసారి, పసుపు పూసలతో ఒకసారి. మొదటి కడుగు, రెండో కడుగు, చివర దించినది, అన్నీ విడివిడి సీసాల్లో పట్టి అన్నీ తూచాను. ఎందులోనూ ఏమీ లేదు. ఇకనుంచి మూత్రమైనా నీళ్ళైనా ఇదే పద్ధతి.

మధ్యాహ్నం భోజనశాలలో బల్ల మీద, బాలనర్సుకి తప్ప, పేర్లు రాసిన పదిహేను పొట్లాలు పెట్టి పక్కన త్రాసు కాగితం అంటించాను. జనం వచ్చారు, కాగితం చదివారు, పొట్లాల వైపు చూశారు, పెరుగన్నం పెట్టించుకుని వెళ్ళి కూర్చున్నారు. ఎవరినీ తప్పుపట్టను. నేనైనా తీసుకోను. గిన్నెలు సర్దేవేళ దాకా నిలబడ్డాను, కాళ్ళు లాగాయి.

అప్పుడు రత్నప్రభ గారు వచ్చారు. కాగితం చదవలేదు. మొదటి పొట్లం మీద తన పేరు చూసుకుని, విప్పి, వంటపొయ్యి దగ్గరికి వెళ్ళి నాలుగు మిరపకాయలు నూనెలో వేశారు. భోజనశాలంతా వాసన నిండింది. ఆవిడ కంచంలో ఒకటి పెట్టుకుని, అన్నంతో నంజుకుని, కరకరమని కొరికారు. కారం అలవాటు లేదేమో, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

మూల బల్ల దగ్గర నుంచి బాలనర్సు లేచాడు. కుండలోంచి గ్లాసు నిండా ముంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

“తాగుండ్రి మేడం. మంచి నీళ్లే.”

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకో మిరపకాయ అందుకున్నారు. వెనక బల్ల మీంచి యోహాను లేచి వచ్చి తన పొట్లం తీసుకున్నాడు.